ఎనిమిది కుడిచేతులు

అయిదో చెయ్యి మీద గుడ్డ విప్పి, చిన్నమేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

అది కుడిచెయ్యి.

అంతకుముందు విప్పిన నాలుగూ కుడిచేతులే. వాటిని అమ్మవారి బొమ్మకి కుడివైపున తొడిగేసింది కూడా. చక్కగా అమిరాయి. కానీ ఈ అయిదోది ఎడమ భుజానికి పెట్టాల్సింది. ఆమె దాన్ని పక్కన పెట్టి ఆరోది విప్పింది. కుడిచెయ్యే. ఏడోదీ అంతే. ఎనిమిదోదాన్ని విప్పకుండా గుడ్డ మీంచే తడిమి చూసింది. బొటనవేలు ఎటుందో చేతికి తెలిసిపోయింది.

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. అయిదింటికి నాటకం వాళ్ళ వ్యాను వస్తుంది. ఆరున్నరకి తెర లేస్తుంది.

ఆ పనిశాలలో రంగస్థలానికి కావలసిన పెద్ద పెద్ద బొమ్మలు చేస్తారు. బొమ్మ మొండెం పనిశాలలో తయారవుతుంది. చేతులూ కాళ్ళూ ఆ వీధిలో ఇంటికొకటి చొప్పున పంచుతారు. వడ్రంగి ఇంట్లో ఒకటి, కమ్మరి ఇంట్లో ఒకటి, కాగితపు గుజ్జు పని చేసేవాళ్ళింట్లో ఇంకోటి. చివరికి అన్నీ ఒక చోటికి చేరి ఒక మనిషవుతాయి. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి.

ఆ ముప్పై ఏళ్ళూ పని పంచింది ఆమె తండ్రి పెద్దమేస్త్రి. ఆయన కాగితం ముట్టుకునేవాడు కాదు. ప్రతి గుమ్మం ముందూ వెళ్ళి నిలబడి, తన చెయ్యే గాల్లోకి లేపి, ఇదిగో ఇలా అని చూపించేవాడు. చూసినవాడు చేసేవాడు. పోయినేడాది ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఉలి పట్టుకుంటే కొయ్యకి తగలాల్సిన దెబ్బ గోటికి తగిలేది. అప్పట్నించి పని కూతురి మీద పడింది. వీధి ఆమెకి చిన్నమేస్త్రి అని పేరు పెట్టింది. ఆ పేరులో ముద్దు సగం, వెటకారం సగం.

ఆమె పద్ధతిగా చేద్దామనుకుంది. ఒక చెయ్యి బొమ్మ గీసి, పొడవు, లావు, భుజంలో దిగే కొన ఎంత మందం ఉండాలో వెంట్రుకవాసి తేడా లేకుండా రాసి, ఎనిమిది నకళ్ళు తీసి, ఒక్కోదాని కింద ఒక్కో ఆయుధం పేరు రాసి పంచింది. ఆమె గీసింది కుడిచెయ్యి. నాలుగు కాగితాల మీద ఎడమ అని రాయాలి. రాయలేదు. అంతమాత్రం ఎవరికి తెలీదు అనుకుంది.

ఈ బొమ్మ మీద ఆమె బతుకంతా ఆధారపడి ఉంది. నెల కిందట ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు బాబాయి తేల్చి చెప్పాడు. ఆయన పెద్దమేస్త్రికి తమ్ముడు, వీధిలోకెల్లా మంచి వడ్రంగి. బొమ్మల కాలం అయిపోయిందనీ, పనిశాలలో తలుపులూ కిటికీలూ చేస్తే నలుగురూ నిలదొక్కుకుంటారనీ ఆయన వాదన. అయినా అన్న మొహం చూసి ఒక మెట్టు దిగాడు. ఈ ఒక్క బొమ్మా అమ్మాయిని చెయ్యనిద్దాం, వేళకి స్టేజి మీద నిలబడితే పనిశాల తాళాలు దాని దగ్గరే ఉంటాయి, నిలబడకపోతే నాకివ్వండి అన్నాడు. పెద్దమేస్త్రి సరేనన్నాడు. ఆమె కూడా సరేనంది.

పావుగంటలో కబురు వీధంతా పాకింది. చేతులు చేసినవాళ్ళంతా చేస్తున్న పనులు వదిలేసి వచ్చారు. ఎవరిని కదిపినా ఒకటే జవాబు. చక్రం చేసినాయన, విష్ణువు ఎడంచేత్తో చక్రం తిప్పగా నువ్వు చూశావా అని ఎదురడిగాడు. గొడ్డలి చేసినాయన, కత్తి చేసినాయన ఒకరి వంక ఒకరు చూసుకుని, నీది ఎడమదనుకున్నానంటే నీది ఎడమదనుకున్నానన్నారు. శంఖం పట్టిన చేతికి గుజ్జు పని చేసిన పిన్ని, ఊదేటప్పుడు మాత్రం మంచి చెయ్యి ఉండొద్దా అంది. విల్లైనా ఎడంచేత్తో పట్టుకోవాలి కదా అని ఎవరో గట్టిగా నిలదీశారు. విల్లు చేసినాయన పుట్టు ఎడంచేతివాటం. ఆయన ఊళ్ళో ఎవరితో పందెం కట్టమన్నా కడతాడు, విల్లు పట్టాల్సింది కుడిచేత్తోనేనని.

ఎవడి ఆయుధం వాడికి ముఖ్యం. ముఖ్యమైన ఆయుధం కుడిచేతిలోనే ఉంటుంది. తప్పు ఆమె కాగితానిదే కానీ, దాన్ని పూర్తి చేసింది మాత్రం ఎనిమిది ఇళ్ళ గర్వం.

బాబాయి అందరికన్నా ఆఖర్న వచ్చాడు. ఆయన చేసింది త్రిశూలం పట్టిన చెయ్యి. గుమ్మంలో నిలబడి, బల్ల మీద వరసగా పడుకున్న చేతుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"బాగుందమ్మాయ్. రాక్షసుడు చస్తాడో లేదో గానీ, షేక్‌హ్యాండులు ఇవ్వడానికి మాత్రం లోటుండదు."

నవ్వకూడదనుకుంటూనే నలుగురూ నవ్వారు. చిన్నమేస్త్రి తల వంచుకుని, బొటనవేళ్ళు కోసి రెండోవైపు అతికిస్తే ఎలా ఉంటుందని పిన్నిని అడిగింది. గుజ్జు ఆరడానికే రెండ్రోజులు పడుతుందని పిన్ని పెదవి విరిచింది. మిగతా దారులన్నీ కూడా వెతకబోతే మూసుకుపోతున్నాయి. ఒంటిగంటయింది.

అసలు ఆ నాటకం కథే చేతుల కథ. దున్నపోతు రూపంలో తిరిగే రాక్షసుడొకడు, ఏ మగవాడి చేతిలోనూ చావకుండా వరం పుచ్చుకున్నాడు. ఆడవాళ్ళ సంగతి అడగనే లేదు, వాళ్ళవల్ల ఏమవుతుందిలే అనుకున్నాడు. ఇంద్రుణ్ణి సింహాసనం మీంచి దింపేశాడు. దేవతలు ఒక్కొక్కరే వెళ్ళి తన్నులు తిని వచ్చారు. ఆఖరికి అందరూ ఒకచోట చేరి కడుపులో కోపమంతా బయటికి వదిలితే, అది వెలుగై, ఆ వెలుగులన్నీ ఒక చోట కలిసి ఒక స్త్రీ అయింది. శివుడి వెలుగు ఆమె మొహమైంది, యముడిది జుట్టయింది, విష్ణువుది చేతులైంది, అగ్నిది మూడు కళ్ళయింది. తర్వాత ఎవరి ఆయుధం వాళ్ళు ఆమెకిచ్చారు. హిమవంతుడు సింహాన్నిచ్చాడు. అప్పుడు ఆమె నవ్విన నవ్వుకి సముద్రాలు గట్లు దాటాయి.

ఆ తల్లే ఇప్పుడు ఎనిమిదడుగుల ఎత్తున పనిశాల మధ్య నిలబడి ఉంది. కుడిపక్క నాలుగు చేతులు, ఎడమపక్క నాలుగు చిల్లులు.

లోపలి గదిలోంచి పెద్దమేస్త్రి వచ్చాడు. ఆయన బొమ్మకి ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని, పైనించి కింది దాకా చూశాడు. చూపు బొమ్మ మీంచి తిప్పకుండానే, కుడిచెయ్యి వెనక్కి చాచాడు. ఆయన చేతికర్ర వెనక గోడకి ఆనించి ఉంది. చిన్నమేస్త్రి వెళ్ళి తీసి ఆ చేతిలో పెట్టింది.

ఆయన కర్ర అందుకుని, చెవి పక్కనించి తల మీదుగా ముందుకి తెచ్చి, బొమ్మ భుజం మీద కొస ఆనించాడు.

"అక్కడ చిన్న పగులుంది. చూశావా?"

ఆమె పగులు చూడలేదు. ఆయన చెయ్యి చూసింది. వణికే చెయ్యి అది, ఒక్క ఊపున రాలేదు. వెనక ఒకసారి తడబడింది, చెవి దగ్గర ఒకసారి ఆగింది, తల మీద ఒకసారి, ముందుకి దిగుతూ ఇంకోసారి. ఆగిన ప్రతిచోటా ఒక చెయ్యి ఉండిపోయినట్టు కనిపించింది.

"నాన్నా, కర్ర ఇలా ఇచ్చి మళ్ళీ తీసుకో."

ఆయన విచిత్రంగా చూశాడు గానీ తీసుకున్నాడు. ఆమె సుద్దముక్క పట్టుకుని ఆయన పక్కన గోడ దగ్గర నిలబడింది. చెయ్యి ఆగిన చోటల్లా గోడ మీద గుర్తు పెట్టింది. మూడుసార్లు తీసుకోమంది. నాలుగోసారి ఆయనే విసుక్కుని, కర్రకి నా చేతిలో స్థిరంగా ఉండే యోగం లేదా అన్నాడు. అప్పటికి గోడ మీద ఎనిమిది గుర్తులున్నాయి. వెనక నడుము ఎత్తునించి మొదలై, తల మీదుగా వంతెనలా లేచి, ముందు నడుము దగ్గర దిగాయి.

చిన్నమేస్త్రి వెనక్కి జరిగి గోడ చూసింది. తర్వాత గబగబా చెప్పుకుపోయింది. అమ్మవారు జనానికి ఎదురుగా నిలబడదు. పక్కకి తిరిగి, కుడిభుజం జనం వైపు పెట్టి నిలబడుతుంది. వెనక దేవతలు, ముందు రాక్షసుడు. ఎనిమిది చేతులూ ఆ ఒక్క భుజానికే. వెనకచెయ్యి ఆయుధం అందుకుంటుంది, ముందుచెయ్యి దెబ్బ కొడుతుంది, మధ్యలో ఆరు చేతులూ ఆ దారిలో ఉంటాయి. చూసేవాడికి ఎనిమిది చేతులు కావు, ఒకే చెయ్యి కదిలినట్టుంటుంది. అందుకు అన్నీ కుడిచేతులే కావాలి. ఒక్క ఎడమచెయ్యి ఉన్నా పాడవుతుంది.

అందరూ గోడ వంకా, బల్ల మీద చేతుల వంకా మార్చి మార్చి చూస్తున్నారు.

ముందుగా గొంతు విప్పింది కమ్మరి తాత. ఒక్క భుజంలో ఎనిమిది చిల్లులు పొడిస్తే అక్కడ భుజమంటూ మిగలదని ఆయన అనుమానం. అని, తనే గడ్డం గోక్కుంటూ ఆలోచించి, మా పెరట్లో బండి చక్రం ఒకటి విరిగిపడుంది అన్నాడు. చక్రం మధ్యలో ఉండే దుంగకి, చుట్టూ ఆకులనే అడ్డకర్రలు దిగడానికి పన్నెండు చిల్లులుంటాయి. ఎనిమిదింట్లో చేతులు దింపితే, మిగిలిన నాలుగూ చీర మడత కింద దాక్కుంటాయి. ఎనిమిది చేతుల కొనలూ ఒకే మందం కాబట్టి ఏది ఎందులోనైనా దిగుతుంది. చిన్నమేస్త్రి కాగితం అక్కడ మాత్రం తప్పలేదు.

బరువంతా ఒక పక్కకి పడితే బొమ్మ బోర్లాపడదా అని పిన్ని అడిగింది. రెండో పక్క అమ్మవారి సింహం బొమ్మ ఉందిగా, బోలుగా ఉన్న దాని కడుపునిండా ఇసక పోద్దామన్నారు. పాపం సింహం ఇవాళ్టికి కడుపారా తింటుందని తాత నవ్వాడు. అందరూ తలో దిక్కుకీ పరిగెత్తారు.

రెండింటికి దర్శకురాలు వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చంకలో నాటకం కాగితాలతో, నవ్వడానికి ఇంకొకరి అనుమతి కావాలన్నట్టుండే మనిషి. చిన్నమేస్త్రి ఏదీ దాచలేదు. తప్పు తనదేనని ముందే చెప్పి, తర్వాత గోడ చూపించింది. దర్శకురాలు గుర్తుల వెంట వేలు నడిపింది.

"వెనక చెయ్యి ముందు ఖాళీగా ఉండాలి. త్రిశూలం శివుడి వేషం వేసినతను స్టేజి మీదే, అందరూ చూస్తుండగా ఆ చేతికివ్వాలి. అలా కుదిరితే మీరన్నట్టే పెడదాం. కుదరకపోతే ఇది పక్కకి తిప్పి తప్పు కప్పిపెట్టిన బొమ్మ. నాకొద్దు."

ఆవిడ అడిగింది న్యాయమే. చిక్కల్లా ఒకటే. మిగతా వాళ్ళంతా పిడికిలికి తొర్ర పెట్టి, ఆయుధం ఊడదీసేలా చేశారు. బాబాయి అలా చేసే రకం కాదు. ఆయన త్రిశూలాన్ని పిడికిట్లో బిగించి, జిగురు పోసి, లోపల్నించి మేకులు కొట్టాడు. అది ఊడిరావాలంటే పిడికిలి కోసి, తొర్ర తొలిచి, మళ్ళీ అతకాలి. అంత పని తెలిసిన చెయ్యి వీధిలో ఒక్కటే ఉంది. అది ఆయనదే. చేతులు ముడుచుకు కూర్చుంటే అయిదింటికి తాళాలు వచ్చి ఒళ్ళో పడేది కూడా ఆయనకే.

చిన్నమేస్త్రి అటకెక్కించిన ధైర్యాన్ని దించుకుని ఆయన షెడ్డుకి వెళ్ళింది. బాబాయి కిటికీ చట్రం ఒకటి చిత్రిక పడుతున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు గానీ చెయ్యి ఆపలేదు.

"నాది ముందుచెయ్యి. త్రిశూలంతోనే కదా వాణ్ణి పొడిచేది. దాన్ని తీసుకెళ్ళి వెనక పెడతానంటావు. పైగా నేనే కొయ్యాలి."

"అది మొదట ఇచ్చిన ఆయుధం బాబాయ్. జనం మొదట చూసేది ఆ చెయ్యే."

"మొదట చూస్తారు, తర్వాత మర్చిపోతారు." ఆయన చిత్రిక బల్ల మీద పెట్టాడు. "నా చేతులతో నేనే కోసి, తాళాలు నీ చేతిలో పెట్టాలి. అదేనా నువ్వడిగేది?"

"అదే."

ఆయన తలెత్తాడు. ఆమె ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుందనుకున్నాడు కాబోలు.

"నువ్వు కొయ్యకపోతే పనిశాల నీది. నాకు తెలుసు. అందుకే అడగడానికి వచ్చాను, ఇంకొకళ్ళతో కోయించకుండా. ఒక్క మాట మాత్రం విను. కథలో శివుడు తన త్రిశూలం ఇచ్చెయ్యలేదు. తన త్రిశూలంలోంచి ఇంకో త్రిశూలం తీసి ఇచ్చాడు. విష్ణువు కూడా చక్రంలోంచి చక్రం తీసి ఇచ్చాడు. ఇచ్చినవాళ్ళ చెయ్యి ఎవరిదీ ఖాళీ కాలేదు బాబాయ్. పనిశాల వెనక పెద్దగది ఏళ్ళ తరబడి పాత సామాన్లతో మూలుగుతోంది. ఖాళీ చేసిస్తాను. తలుపులూ కిటికీలూ అందులో చెయ్యి. బొమ్మలు ముందుగదిలో ఉండనీ. సాయంత్రం బొమ్మ పడిపోయినా ఆ గది నీదే. నిలబడ్డా నీదే."

బాబాయి రంపపుపొట్టు కాలితో అటూ ఇటూ తోశాడు.

"పడిపోతే గది ఇచ్చేందుకు నువ్వెవరు? అప్పుడన్నీ నావేగా."

"అవును కదా," అంది ఆమె. ఆ సంగతి ఆమెకి తట్టనే లేదు.

ఆయనకి నవ్వొచ్చింది. దాన్ని మింగడానికి గోడకున్న సన్నరంపం అందుకున్నాడు. పద, వేరేవాడు కోస్తే పిడికిలి నాలుగు ముక్కలవుతుందని గొణుగుతూ ఆమెకన్నా ముందే వీధిలోకి నడిచాడు.

అయిదింటికి వ్యాను వచ్చేసరికి ఆఖరి చేతికి రంగు తడి ఆరలేదు. పిన్ని విసనకర్రతో విసురుతూ వ్యానెక్కింది.

ఆరున్నరకి తెర లేచింది. వీధి వీధంతా వెనక వరసల్లో కూర్చుంది. దేవతలు ఓడిపోయి రావడం, కోపాలు, వెలుగులు అన్నీ అయ్యాక, స్టేజి మధ్య చీకట్లోంచి అమ్మవారు మెల్లగా బయటపడింది. పక్కకి తిరిగి ఉంది. మొదట ఒకే చెయ్యి కనిపించింది, వెనక్కి చాచి, ఖాళీగా.

శివుడి వేషం వేసినతను త్రిశూలం తెచ్చి ఆ పిడికిట్లో పెట్టబోయాడు. దిగలేదు. మళ్ళీ తోశాడు. దిగలేదు. కొత్త జిగురు తడికి కొయ్య కాస్త ఉబ్బినట్టుంది. ముందు వరసలో దర్శకురాలి మెడ ముందుకి సాగింది. వెనక వరసలో చిన్నమేస్త్రి పక్క కుర్చీలోంచి బాబాయి సగం లేచి, పళ్ళ బిగువున, తిప్పు, తిప్పి తొయ్యి అంటున్నాడు. అది అంత దూరం వినపడదు. అయినా అతను తిప్పి తోశాడు.

టక్కుమని దిగింది.

ఒక్కో చెయ్యి మీదికీ వెలుగు పాకింది. భుజం పైన గొడ్డలి, తల మీద చక్రం, దిగుతూ బల్లెం, ముందుకి కత్తి. ఎనిమిది చేతులన్న సంగతి జనం మర్చిపోయారు. వెనక అందుకున్నది ముందు దెబ్బయి దిగుతోంది, అంతే. తెర వెనకనించి నటి గొంతు నవ్వింది. ఆ నవ్వుకి రాక్షసుడి వేషం వేసినతను నిజంగానే ఒక అడుగు వెనక్కేశాడు. సింహం ఇసక కడుపుతో కదలకుండా నిలబడింది. హాలంతా చప్పట్లు.

బాబాయి కుర్చీలో కూలబడి, నుదురు తుడుచుకుని, తొర్ర ఇంకో వెంట్రుకవాసి పెద్దది పెట్టాల్సింది అన్నాడు. పెద్దమేస్త్రి వణికే చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, స్టేజి వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ చెయ్యి ఎక్కడో చూసినట్టుందే అన్నాడు కూతురితో.

తర్వాతి వారం నాటకం వాళ్ళకే ఏనుగు కావాలన్నారు. తాళాలు ముందుగదిలో మేకుకి వేలాడుతున్నాయి. వెనకగదిలోంచి చిత్రిక చప్పుడు వస్తోంది. చిన్నమేస్త్రి ఏనుగు కాలి కొలతల కాగితం పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడింది. ఈసారి దాని మీద కుడి అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. బాబాయి చదివి, వెనక్కిచ్చేశాడు. కాగితాలు నమ్మననీ, మీ నాన్నలా చూపించమనీ అన్నాడు.

ఆమె కాగితం చంకలో పెట్టుకుని, ఆయనకి ఎదురుగా నిలబడి, కుడికాలు ఎత్తింది.

బాబాయి తల ఒక పక్కకి వంచి చూశాడు.

"అది నీ కుడా, నా కుడా?"

చిన్నమేస్త్రి కాలు దించి, ఆయన చూస్తున్న వైపే తిరిగి నిలబడి, మళ్ళీ ఎత్తింది.